వరిమడి కింద సముద్రం

విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. పాఠాలు కాక నాకు ఇంకో పని ఉంది: పచ్చదనాన్ని కొలవడం. ఉపగ్రహాలు పంపే ఫొటోల్లో కృష్ణా డెల్టా ఏ వారం ఎంత పచ్చగా ఉందో చూస్తాను. ఊడ్పులు ఎక్కడ మొదలయ్యాయి, పైరు ఎప్పుడు పొట్టకొచ్చింది, ఎప్పుడు పండి రంగు తిరిగింది, అన్నీ ఆ రంగుల్లోనే తెలిసిపోతాయి. ఇంట్లో వాళ్ళకు ఇదొక పిచ్చిలా కనిపిస్తుంది. పొలం లేనిదాన్ని, ఇంతమంది పొలాల మీద కన్నేసి కూర్చుంటానని మా ఆయన వేళాకోళం చేస్తుంటారు.

ఈ పనిలోకి నన్ను దింపింది నా స్నేహితురాలు. తనది బందరు. ఇంటర్‌లో ఇద్దరం ఒకే బెంచీ. నేను మొక్కల వైపు వెళ్తే తను సముద్రం వైపు వెళ్ళింది. బంగాళాఖాతంలో మునుగుతూ తేలుతూ తిరిగే పరికరాలు నీటి వేడినీ ఉప్పునూ కొలిచి పంపుతుంటే వాటిని చదవడం తన ఉద్యోగం. సముద్రం కొన్నేళ్ళు వేడెక్కుతుందట, కొన్నేళ్ళు చల్లబడుతుందట, ఎవరూ ఏమీ చేయకపోయినా. ఆ ఊపును బట్టి వానలు, వానలను బట్టి కాలవలు, కాలవలను బట్టి మన వరి.

"మనం పొగలు పెట్టి చెడగొట్టింది ఎంతో తెలియాలంటే, మనం లేనప్పుడు కూడా అది ఎట్లా ఊగేదో తెలియాలి కదే. లేకపోతే ఏ తప్పు దేని మీద వేస్తాం?" అంటుంది తను.

అందుకని తన సముద్రం లెక్కలూ నా పచ్చదనం లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాం. నాలుగైదేళ్ళు సాఫీగానే సాగింది. తర్వాత ఆ ఎండు సంవత్సరం వచ్చింది.

ఆ ఏడు ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం వేడెక్కిందని వార్తల్లో చెబుతూనే ఉన్నారు. ఇక్కడ శ్రావణం వెళ్ళిపోయినా వాన లేదు. బ్యారేజీ దగ్గర నీళ్ళు అట్టడుగున కనిపించేవి. పై ఊళ్ళకు కాలవ వదిలారు గానీ సముద్రం దగ్గరి శివారు భూములకు నీరందలేదు. నారుమళ్ళు అక్కడే ఎండిపోయాయి. ఫొటోల్లో అవనిగడ్డ దాటాక నేలంతా కాల్చిన రొట్టెలా ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గవర్నర్‌పేటలో మా మేడ మీద గదిలో కూర్చుని కొత్త ఫొటో తెరిచాను. కింద ఆటోల హారన్లు, హోల్‌సేల్ షాపుల ముందు లారీల్లోంచి సరుకు దించుతున్న కేకలు. ఆ గోధుమరంగు నేల మధ్యలో సన్నగా, వంపుగా ఒక పచ్చటి గీత ఉంది. కాలవ కాదు, కాలవలు ఎక్కడున్నాయో నాకు కంఠతా వచ్చు. రోడ్డు కాదు. పొలాల గట్లతో గానీ ఊళ్ళతో గానీ దానికి సంబంధమే లేదు. ఎవరి హద్దులనూ పట్టించుకోకుండా ఒక పొలంలోంచి ఇంకో పొలంలోకి నడుచుకుంటూ పోయింది.

ఫొటోలో లోపం అనుకున్నాను. ఆ తర్వాత వచ్చిన ఫొటోలో గీత ఇంకా చిక్కబడింది. దానికి కాస్త ఎడంగా, అదే వంపుతో, రెండో గీత బయటపడింది. వాన చుక్క పడలేదు, ఎవరూ నీరు పెట్టలేదు. చుట్టూ ఉన్నదంతా చచ్చిపోతుంటే అది మాత్రం బలుస్తోంది. రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూశాను.

స్నేహితురాలికి పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"తీరం అది" అంది.

"ఏ తీరం? సముద్రం అక్కడికి చాలా దూరం కదే."

"ఇప్పుడు దూరం. ఎప్పుడో ఒకప్పుడు అక్కడే ఆగింది. ఆ రెండో గీత దగ్గర ఇంకోసారి ఆగింది. ప్రతి ఏడూ వరి కప్పేస్తుంది కాబట్టి మనకు కనపడదు. ఈసారి కప్పేవాళ్ళు లేరు."

దసరా సెలవుల్లో బయలుదేరాం. కంకిపాడు దాకా బోర్ల పుణ్యమా అని పచ్చగానే ఉంది. చల్లపల్లి దాటేసరికి పొలాల్లో మనుషులే లేరు. పులిగడ్డ అక్విడక్టు వంతెన మీద కారు ఆపి కిందికి చూస్తే నదిలో ఇసక తెల్లగా మెరుస్తోంది. అవనిగడ్డలో లాడ్జిలో సామాను పడేసి, ఫోన్‌లో గుర్తు పెట్టుకున్న చోటికి వెళ్ళాం.

ఆ పొలం యజమాని అరవైకి దగ్గరపడుతున్న మనిషి. భర్త పోయాక వ్యవసాయం తనే చూసుకుంటోందని ఊళ్ళో చెప్పారు. చిన్న డాబా ఇల్లు, దాని వెనకే పొలం. మేం వచ్చిన పని చెప్పగానే ఆమె ఏమీ అడగకుండా, "రండమ్మా, చూపిస్తాను. మావాళ్ళెవరూ అటు పోవడం లేదు" అని ముందు నడిచింది.

నెర్రెలు విచ్చిన నేల మీద, బారుగా, ఒక వీధంత వెడల్పున ఇలకూర మొలిచి ఉంది. సముద్రం ఒడ్డున ఉప్పునేలల్లో పెరిగే కూర అది. కండపట్టిన చిన్న చిన్న ఆకులు, కాడలకు ఎర్రజీర. నేను విద్యార్థులను తీసుకెళ్ళి చూపించేది మడ అడవుల అంచున. ఇక్కడ వరిమడిలో మొలిచింది. గట్టు దాటి పక్కవాళ్ళ మడిలోకి, అక్కడినుంచి ఆ పైకి, కనుచూపు మేర అదే వంపుతో పోతోంది. ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. ఉప్పగా ఉంది.

"ఎవరూ చల్లలేదండి" అందామె. "వాన లేదు, నీరు లేదు. పొద్దున లేచి చూస్తే మొలిచుంది. గొడ్లు కూడా నోరు పెట్టడం లేదు. ఏంటమ్మా ఇది?"

"ఈ కింద పాత సముద్రం ఒడ్డు ఉందండి" అన్నాను. "దాని మట్టిలో ఉప్పూ తడీ ఇంకా మిగిలే ఉన్నాయి. పైన మంచినీళ్ళు లేకపోయేసరికి ఉప్పు పైకొచ్చింది. ఈ మొక్కకు అదే కావాలి."

ఆమె నా మాట విని, కాలికింద నేల వైపు చూసి, చెప్పులు వేసుకుంది. అంతవరకూ వాటిని చేత్తో పట్టుకుని నడుస్తోంది.

మేం తెచ్చిన పొడవాటి అల్యూమినియం గొట్టాల్లో ఒకదాన్ని భూమిలోకి దించి, లోపలి మట్టిని వరస చెడకుండా పైకి తీయాలి. ఆ మట్టిలో పైది కొత్తది, కిందికి పోయేకొద్దీ పాతది. అందులోని పుప్పొడి ఏ కాలంలో ఏ మొక్కలు పెరిగాయో చెబుతుంది. ఇసక రేణువంత ఉండే సముద్రజీవుల గుల్లలు నీళ్ళు ఎంత ఉప్పగా, ఎంత వెచ్చగా ఉండేవో చెబుతాయి. పరికరాలు పుట్టక ముందు సముద్రం ఎట్లా ఊగిందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

దున్నిన నేలలో పైమట్టి కలిసిపోయి ఉంటుంది కాబట్టి దున్నని చోటు కావాలి. నా స్నేహితురాలు చుట్టూ చూసి, పొలం మూల ఒక పల్లపు జాగా చూపించింది. గడ్డి, ఇలకూర తప్ప అక్కడ నాగలి పడిన ఆనవాళ్ళు లేవు.

"అక్కడేనా?" అంది ఆమె.

"అదైతే బాగుంటుందండి. మీకు అభ్యంతరమైతే..."

"ఏం లేదులెండి. కానీండి" అని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఊళ్ళోంచి వచ్చిన ఇద్దరు మనుషులు మధ్యాహ్నానికల్లా గొట్టాన్ని దించి, వెదురు కర్రలు నిలబెట్టి, చైను కప్పీతో పైకి లాగారు. అది ఊడి వచ్చేటప్పుడు భూమి పెద్దగా గుటక వేసినట్టు చప్పుడైంది. వెంటనే వాసన. కుళ్ళిన గుడ్ల వాసన, దాని వెనకే చేపలరేవు వాసన. ఆ రంధ్రంలోకి నీళ్ళు ఊరి, బుడగలు రావడం మొదలైంది. పాత మట్టిలో మురిగిపోయిన ఆకులలములనుంచి వచ్చే గాలి అది, నాకు తెలుసు. తెలిసినా, ఎండిపోయిన పొలంలో ఆ బుడబుడ శబ్దం వింటూ నిలబడటం కష్టంగా ఉంది.

కాసేపటికి ఆ ఇద్దరిలో ఒకాయన, "అమ్మగారూ, ఇటు చూడండి. నీళ్ళు దిగిపోతన్నాయి" అన్నాడు.

నిజమే. అంచు దాకా వచ్చిన నీళ్ళు మెల్లగా కిందికి జారుతున్నాయి. నా స్నేహితురాలు ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టింది. సాయంత్రం టీ తాగి వచ్చేసరికి అవి మళ్ళీ పైకెక్కాయి. తను ఫోన్ తీసి ఆరోజు ఆటుపోట్ల వేళలు చూసింది. సముద్రంలో పోటు వచ్చిన కొంతసేపటికి ఇక్కడ నీళ్ళు లేస్తున్నాయి, ఆటు వచ్చిన కొంతసేపటికి దిగుతున్నాయి. భూమి కింద ఇసక పొరలోంచి సముద్రం ఇక్కడిదాకా చెయ్యి చాపి ఉంది.

"ఊపిరి తీసుకుంటంది" అన్నాడు రెండో ఆయన. కూలి సంగతి రేపు చూద్దామని చెప్పి ఇద్దరూ గబగబా వెళ్ళిపోయారు.

వెలుతురు ఉండగానే గొట్టాన్ని ఆమె ఇంటి వరండాలో పడుకోబెట్టి, కట్టర్‌తో నిలువునా కోసి, పుస్తకం తెరిచినట్టు రెండు చెక్కలుగా విడదీశాం. ఆమె గడప మీద కూర్చుని చూస్తోంది. పైన గోధుమరంగు మట్టి, దాని కింద బూడిదరంగు, అడుగున తారులా నల్లటి బంక, అందులో వేళ్ళ ముక్కలు. పైనుంచి జానెడు లోతులో, ఆ మెత్తటి మట్టి మధ్య, తెల్లగా మెరుస్తూ ఒక సన్నటి ఇసక పొర. గవ్వల ముక్కలతో, గరుగ్గా. కింద ఉన్న మట్టిని కత్తితో కోసినట్టు, అంత పదునుగా ఉంది దాని అడుగు అంచు.

నా స్నేహితురాలు తలెత్తి నన్ను చూసింది. ఇద్దరికీ అర్థమైంది. కానీ మాకన్నా ముందు ఆమె అంది:

"ఉప్పెన అమ్మా అది."

దివిసీమలో ఆ మాటకు వివరణ అక్కరలేదు. మేం పుట్టకముందు సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి వేలమందిని తీసుకుపోయింది. ఆమె అప్పుడు చిన్నపిల్ల.

"అక్కడ మాకు గొడ్లపాక ఉండేది" అంది, పొలం మూలను చూపిస్తూ. "గాలి ముదిరాక మేమంతా పక్కవాళ్ళ డాబా ఎక్కాం. మా చెల్లెలు దూడను విప్పొస్తానని పరుగెత్తింది. నాన్న వెనకాలే దిగాడు. ఆయన పాక దాకా పోకముందే అది వచ్చేసింది. నల్లగా, తాడిచెట్టంత ఎత్తున. నాన్న తుమ్మచెట్టు పట్టుకుని బతికాడు. చెల్లెలు మాత్రం దొరకలేదు. ఎందరినో గుంటల్లో వేసి పూడ్చారు గదా, వాళ్ళల్లో ఉందో, సముద్రంలోకి పోయిందో. నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ మూల నాగలి పెట్టనివ్వలేదు. ఆయన పోయాక మా ఆయన్ని నేను పెట్టనివ్వలేదు."

దున్నని నేల కావాలని మేం వెతుక్కున్న చోటు అది. అది దున్నకుండా మిగలడానికి కారణం అదీ.

ఆమె లేచి వచ్చి ఆ చెక్క పక్కన కూర్చుంది. తెల్లటి పొర మీద చూపుడువేలు ఆనించింది. తర్వాత ఆ వేలు కిందికి జరిగి, నల్లటి బంకలో ఇంకో తెల్లటి గీత దగ్గర ఆగింది. దాని కింద ఇంకొకటి ఉంది. ఆ కింద, ఇంకా మందంగా, మరొకటి.

"ఇవేంటమ్మా?"

నా స్నేహితురాలు ఆ గీతల మీదికి వంగింది. "అవీ అలాంటివే అనుకుంటున్నామండి. పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేం."

"అంటే, అంతకుముందు కూడా వచ్చిందా?"

"చాలాసార్లు వచ్చి ఉంటుందండి."

"మరి మాకెవరూ చెప్పలేదే."

"చెప్పడానికి అప్పుడిక్కడ మనుషులు ఉండి ఉండరండి" అంది నా స్నేహితురాలు.

అప్పటికి ఇక్కడెవరూ కాపురం లేరని గానీ, ఉన్నవాళ్ళెవరూ మిగల్లేదని గానీ, ఆ మాటను రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చని అన్నాక గానీ తనకు తట్టలేదు. చున్నీ తలమీదికి లాక్కుని తల దించుకుంది. ఆమె వేలు మళ్ళీ పైపొర మీదికి తెచ్చి, మెల్లగా అంది: "పై మట్టీ తీసుకెళ్ళండి, కిందవీ తీసుకెళ్ళండి. ఈ ఇసక మాత్రం తీసుకెళ్ళొద్దు. ఇది మా చెల్లెలు."

మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ పొరే. అది ఎప్పటిదో అందరికీ తెలుసు కాబట్టి, దాని కింద ఉన్నవన్నీ దాన్ని పట్టుకునే లెక్కగట్టాలి. కానీ ఆమెతో వాదించలేదు. గొట్టాన్ని అక్కడే గుడ్డ కప్పి ఉంచేశాం. పక్కన దున్నిన మడుల్లో కూడా నాగలి అందని చోట అదే పొర ఎక్కడో మిగిలి ఉంటుంది, దాన్ని తీసుకుపోవచ్చు అనుకున్నాం.

మర్నాడు పొద్దున ఆ ఇద్దరినీ ఒప్పించి రప్పించుకుని, ఆ మూలను ఇక ముట్టుకోకుండా కాస్త అవతల, దున్నిన మడిలో, ఇంకో గొట్టం దించాం. పొర లేదు. ఇంకాస్త దూరంలో మరోటి. అందులోనూ లేదు. పక్క పొలంవాళ్ళను బతిమాలి అక్కడా తీశాం. కింది గీతలు అన్నిటిలోనూ ఉన్నాయి, పైది మాత్రం ఎక్కడా లేదు. ఏళ్ళ తరబడి నాగళ్ళూ ట్రాక్టర్లూ దాన్ని కలిపేశాయి. ఊరంతటి మీదా పరుచుకున్న ఆ రోజు ఇప్పుడు ఒక్క మూలలో, ఒక తండ్రి మొండితనం వల్ల మిగిలింది.

సాయంత్రం ఆమె మా దగ్గరికి వచ్చింది. చెమటలు కక్కుతూ మట్టిలో కూర్చుని ఉన్నాం.

"ఇక్కడెక్కడా లేదా?" అంది.

లేదని చెప్పాం.

"మీకు ఎంత కావాలి?"

"గోరంత చాలండి" అంది నా స్నేహితురాలు.

ఆమె వరండాలోకి వెళ్ళి, చేతులు కడుక్కుని వచ్చి, గుడ్డ తీసి, చిటికెడు ఇసక తనే గిల్లి మా సీసాలో వేసింది. మిగిలిన పొరను స్పూనుతో జాగ్రత్తగా గీరి ఇత్తడి పళ్ళెంలోకి తీసింది. పళ్ళెం పట్టుకుని పొలం మూలకు నడిచింది. మేమూ వెంట వెళ్ళాం. రంధ్రంలో నీళ్ళు అప్పుడు పైకి ఉన్నాయి. ఆమె ఏదో గొణుక్కుంటూ ఇసకను అందులో ఒంపింది. నా స్నేహితురాలు రెండు చేతులూ పైకెత్తి తన దువా తను చదువుకుంది. నాకేం చేయాలో తెలియక దణ్ణం పెట్టుకున్నాను. ఇసక మునిగిపోయాక ఒక పెద్ద బుడగ వచ్చింది. ఆమె జంకలేదు. అది పగిలేదాకా చూసి, "పోదాం పదండి, దోమలు" అంది.

ఆ మట్టి మీద పని నెలల తరబడి సాగింది. పుప్పొడిని నేను మా కాలేజీ ల్యాబులోనే చూశాను. అడుగు మట్టినిండా మడ చెట్లదే. దానిపైన మడ మాయమై, పొడినేలల గడ్డి. మళ్ళీ మడ. మళ్ళీ గడ్డి. మనుషుల ప్రమేయమేమీ లేకుండానే ఆ నేల తడిసింది, ఎండింది, సముద్రం వచ్చింది, వెనక్కి పోయింది. స్నేహితురాలు గుల్లలు చూసి అదే కథ సముద్రం వైపునుంచి చెప్పింది. ఆ ఊపు ఎంత పెద్దదో ఇప్పుడు మాకు కొంత తెలుసు. దాని మీద మనం ఎక్కించిన వేడి ఎంతో విడదీయడం ఇంకా పూర్తికాలేదు. ఊపు దానిదే అయినా, ఇప్పుడు అది ఊగుతున్నది మట్టం పెరిగిన సముద్రంతో అని మాత్రం తను ఖాయంగా చెబుతుంది.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. శివారుకూ కాలవ వచ్చింది. ఫొటోల్లో ఆ గీతలు వరి కిందికి వెళ్ళిపోయాయి. డెల్టా అంతా ఒకే పచ్చ. చూసి సంతోషించాల్సిన ఫొటో అది. నేను మాత్రం వెంటనే మూసేశాను.

కోతలయ్యాక ఒకరోజు ఆమె ఫోన్ చేసి, విజయవాడలో కంటి డాక్టరు దగ్గరికి వస్తున్నానని, మా కాలేజీకి కూడా వస్తానని చెప్పింది. డాక్టరుకు చూపించుకుని వచ్చాక, గేటు దగ్గరికి వెళ్ళి తీసుకొచ్చాను. ల్యాబులో స్టూలు మీద కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగి, "అది చూపిస్తారా?" అని అడిగింది. నేను ఏదని అడగలేదు. ఆ చిటికెడులోంచి తీసిన గుల్లల స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. శంఖాల్లా చుట్టలు తిరిగినవి, ముత్యాలు అతికించినట్టున్నవి, అద్దంలా లోపలిదాకా కనిపించేవి.

"ఇంత అందంగా ఉన్నాయేంటమ్మా" అంది, కన్ను తీయకుండానే.

వీటిలో కొన్ని ఒడ్డు దగ్గర ఉండవని, బాగా లోపలి సముద్రంలో బతికేవని, ఆ అల వాటిని అక్కడినుంచి మోసుకొచ్చిందని చెప్పాను.

"అప్పుడు బతికే ఉన్నాయా?"

"కొన్నైనా బతికే ఉండి ఉంటాయండి."

ఆమె ఇంకాసేపు చూసింది. "పాపం, వీటికీ తెలిసుండదు, ఎక్కడికి వస్తున్నామో" అంది.

తర్వాత చెంగుతో కన్ను తుడుచుకుని, పరీక్ష కోసం డాక్టరు వేసిన చుక్కల వల్ల నీరు కారుతోందని చెప్పింది. అవనిగడ్డ బస్సు ఎన్నింటికని అడిగింది. బస్టాండు దాకా ఆటోలో తీసుకెళ్ళి ఎక్కించాను. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదిలేదాకా నిలబడి, ఎండగా ఉంది, కర్టెన్ వేసుకోండి అని చెప్పాను. ఆమె వేసుకోలేదు.